షుగర్ లేనివాడి మాత్ర

"మెట్‌ఫార్మిన్ ఐదు వందలది. నాలుగు షీట్లు."

సుమన తలెత్తలేదు. పొద్దున తొమ్మిదింటి నుంచి నిలబడే ఉంది. గద్వాలలోని ఆ మందుల దుకాణంలో కుర్చీ ఒకటి ఉంది గానీ, దాని మీద ఆరు నెలలుగా సెలైన్ డబ్బాలు కూర్చున్నాయి.

"డాక్టర్ చిట్టీ?"

"లేదు."

"పాతదైనా పర్వాలేదు."

"ఎప్పటిదీ లేదు."

"షుగర్ ఎన్నేండ్ల సంది?"

"షుగర్ లేదు మేడం."

అప్పుడు తలెత్తింది. నలభైకి దగ్గరగా ఉన్న మనిషి. ఇస్త్రీ చేసిన గళ్ల చొక్కా వేసుకున్నాడు. ముఖం మాత్రం ఎవరూ ఇస్త్రీ చేసినట్టు లేదు. కళ్ల కింద నలుపు. ఎక్కడో చూసినట్టే ఉంది, ఎక్కడో గుర్తు రాలేదు.

"ఇంట్లోళ్లకా?"

"నాకే."

"షుగర్ లేదంటిరి గద!"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వయసు... జర ఆపనీకి."

"ఏంది?"

"ముసలితనం లేటుగ వస్తదంట. ఫోన్ల చూసిన. బయటి దేశాలల్ల పెద్ద పెద్ద డాక్టర్లే తింటున్నరంట."

సుమనకు నవ్వు రావలసింది. నవ్వడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

"ఆడ ఇంక పరీక్షలు నడుస్తున్నయి. ఏదీ తేలలే. తేలినంక రాండ్రి."

"ఎప్పుడు తేలుతది?"

"నాకేం తెలుసు? పదేండ్లు పట్టొచ్చు."

"పదేండ్లు నా దగ్గర లేవు మేడం." చిల్లర లేదన్నంత మామూలుగా అన్నాడు.

ఆ మాట సుమనకు ఎందుకో చిరాకు తెప్పించింది. "చూడండ్రి. మా నాయినకు ఈ గోళీ తినమని కాళ్లు పట్టుకుని చెప్పినం. తినలే. ఎడమ కాలు మోకాలి కాడికి తీసేసిండ్రు. తినాల్సినోళ్లు తినరు, అక్కర లేనోళ్లు వచ్చి వయసు ఆపుతమంటరు. చిట్టీ లేకుండ నేనియ్య. పోండ్రి."

అతనికి కోపం రాలేదు. "మీ నాయిన సంగతి తెల్వదు సుమన మేడం. మాఫ్ చేయండ్రి" అని వెళ్లిపోయాడు.

అతను వీధి దాటాక గానీ ఆమెకు తట్టలేదు. తన పేరు అతనికి ఎలా తెలుసు?

* * *

జవాబు మర్నాడు సాయంత్రం ఐదున్నర బస్సులో దొరికింది.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి గద్వాల-ఆత్మకూరు-అమరచింత బస్సులో గాలికి కూడా చోటు దొరకడం లేదు. సుమన ఎలాగో కిటికీ పక్క సీటు పట్టి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. రోజూ అంతే. ఆమె బస్సెక్కేది నిద్రపోవడానికి.

"ఆధార్ చూపియ్యండి మేడం."

కార్డు చాపి, ఊరికే తలెత్తింది. ఖాకీ చొక్కా. కళ్ల కింద అదే నలుపు.

"మీరా!"

"నేనే. ఏడాది సంది నేనే ఉన్న ఈ బస్సుల." సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. "మీరే చూడలే."

"రోజూ నా కార్డుల పేరు చదివిండ్రన్నమాట."

"అది నా డ్యూటీ."

"పుట్టిన తేదీ గూడ డ్యూటీయేనా?"

కండక్టర్ నిరంజన్ చెవులు ఎర్రబడ్డాయి. "చదవకుండ ఉండాలనే చూస్తున్న. అది పేరు కిందనే ఉంటది."

వెనక సీటులో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. నిరంజన్ విజిల్ ఊది, అవసరం లేకపోయినా "జరగండ్రి, జరగండ్రి" అంటూ ముందుకు పోయాడు.

ఆ రోజు సుమనకు నిద్ర పట్టలేదు. అందుకే ఒక సంగతి గమనించింది. ఊరు వచ్చే ముందు అతను ప్రతి స్టాపునూ ఒక్కసారే అరుస్తాడు. అమరచింతను మాత్రం మూడుసార్లు, అదీ ఆమె సీటు పక్కకు వచ్చి.

దిగేటప్పుడు డ్రైవర్ ఇమామ్ సాహెబ్ అద్దంలోంచి నవ్వాడు. "ఏడాది సంది గిట్లనే అరుస్తుండు బేటీ. నా చెవులు పోయినయి."

* * *

ఆమె ఇవ్వకపోతే ఇంకో దుకాణంలో ఇచ్చారు. చిట్టీ అడగలేదు, షుగర్ ఉందా అని కూడా అడగలేదు.

వారం తిరక్కుండా బస్సంతటికీ ఆ సంగతి వేరే రకంగా తెలిసింది. జూరాల డ్యాం దాటుతుండగా నిరంజన్ గట్టిగా విజిల్ ఊదాడు. అక్కడ స్టాపు లేదు, ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. బస్సు ఆగింది. కండక్టరే దిగి, చేపలు వేయించే గుడిసెల వెనక్కి పరుగెత్తాడు.

"కడుపు!" అని ప్రకటించాడు ఇమామ్ సాహెబ్. డెబ్బై మంది ఓపికగా ఎదురుచూశారు.

అతను తిరిగి వచ్చేసరికి సుమన చేతిలో ఓఆర్ఎస్ పొట్లం ఉంది.

"మొదలువెట్టిండ్రు గద?"

"ఏంది మొదలువెట్టేది?"

"వయసు ఆపుడు. ఇప్పటికి బస్సు ఆగింది."

నిరంజన్ సీసాలో పొడి కలుపుకుంటూ నవ్వబోయి, సగంలో మానేశాడు. "మొదట్ల కొన్ని దినాలు గిట్లనే ఉంటదని రాసిండ్రు మేడం. తరువాత సర్దుకుంటదంట."

"ఎవలు రాసిండ్రు?"

"కామెంట్లల్ల."

"షుగరున్నోళ్లకు డాక్టర్ చూసి, రక్తం చూసి, కిడ్నీలు చూసి ఇస్తరు. మీకు కామెంట్లు చూసిస్తున్నయి. ఇడిసిపెట్టండ్రి."

"సరే" అన్నాడు. సరే అనేవాళ్లను సుమన కౌంటర్ దగ్గర రోజుకు వంద మందిని చూస్తుంది. అందులో ఎంత నిజముందో ఆమెకు తెలుసు.

ఆ తరువాత అతను రోజూ ఒక మాట అనేవాడు, ఆమె రోజూ ఒక మాట తిప్పికొట్టేది. "ఈ దినం ఎంత మంది?" "రెండొందలు. మీకు?" "యాభై సీట్లల్ల నూట పది." "కాళ్లు?" "ఉన్నట్టే ఉన్నయి." ఇద్దరూ రోజంతా నిలబడి ఉద్యోగం చేసేవాళ్లే. ప్రేమ కబుర్లు ఇలాగే ఉంటాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే అవి ప్రేమ కబుర్లని వాళ్లకు తెలియలేదు.

కానీ నిరంజన్ చిక్కిపోతున్నాడు. బెల్టుకు కొత్త రంధ్రం పడింది. సీసా నీళ్లు తప్ప మధ్యాహ్నం ఏమీ తినడం లేదని ఇమామ్ సాహెబ్ చెప్పాడు. "ఉపాసం ఉంటే గూడ వయసు తగ్గుతదంట బేటీ. నేను షుగరోణ్ణి, ఆకలికి ఆగలేను. వాడు మంచిగున్నోడు, కడుపు మాడ్చుకుంటుండు."

* * *

ఆగస్టులో జూరాల గేట్లు ఎత్తారు. కృష్ణమ్మను చూడ్డానికి వచ్చిన జనంతో డ్యాం మీద బస్సు నలభై నిమిషాలు నిలిచిపోయింది. చినుకులు. లోపల ఉక్క. నీళ్ల తుంపర కిటికీల్లోంచి ముఖాల మీద పడుతోంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు.

నిరంజన్ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటి నుంచి రెండుసార్లు వాంతి అయిందని ఎవరికీ చెప్పలేదు. ఒకటి సరిపోవడం లేదని మాత్రలు రోజుకు మూడు చేసుకున్న సంగతీ చెప్పలేదు. బస్సు కదిలింది. నందిమళ్ల స్టాపు దాటాక కడ్డీ మీద చెయ్యి జారింది.

టికెట్ మిషన్ కింద పడిన చప్పుడుకు సుమన కళ్లు తెరిచింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని తల పట్టుకుంది. ఒళ్లు చల్లగా ఉంది. పెదవులు ఎండిపోయాయి.

"చాచా! యాడ ఆపకు. సీదా ఆత్మకూరు దవాఖానకు పో!"

ఇమామ్ సాహెబ్ ముప్ఫై ఏళ్ల సర్వీసులో మొదటిసారి ఏ స్టాపులోనూ ఆపకుండా బస్సు నడిపాడు. దిగాల్సినవాళ్లు ఒక్కరూ నోరెత్తలేదు. ఒక ముసలమ్మ తన కొంగుతో అతనికి గాలి విసిరింది. బస్సు బస్సంతా కండక్టర్‌ను తీసుకుని చిన్న దవాఖాన ముందు ఆగింది.

డాక్టరమ్మ ఏమి తిన్నాడని అడిగితే నిరంజన్ "ఏం తినలే మేడం, ఎండదెబ్బ" అని గొణిగాడు. బయట వాన పడుతోంది.

"మెట్‌ఫార్మిన్ తింటుండు డాక్టర్. షుగర్ లేదు. చిట్టీ లేదు" అంది సుమన.

డాక్టరమ్మ అతని వైపు ఒక్క చూపు చూసింది. "ఒంట్లో నీళ్లు లేనప్పుడు ఈ మాత్ర చాలా ప్రమాదం. ఇంకో రోజు ఇలాగే గడిచి ఉంటే నా దగ్గరికి కాదు, కర్నూలు తీసుకుపోవలసి వచ్చేది. ఎందుకు తిన్నారు?"

అతను గోడ వైపు తిరిగాడు.

సెలైన్ ఎక్కుతోంది. సుమన పక్కన స్టూలు మీద కూర్చుంది. "చెప్పండ్రి" అంది. "నేను మళ్లీ అడగ."

నిరంజన్ చుక్కలు పడే గొట్టం వైపు చూస్తూ చెప్పాడు.

"మా నాయిన గూడ ఆర్టీసీనే. డ్రైవర్. నలభై ఆరేండ్లకు స్టీరింగ్ మీదనే పోయిండు. మా అన్న కురుమూర్తి నలభై నాలుగుకు, మిర్చి చేన్ల. ఛాతిల నొప్పి అన్నడంట, మంచినీళ్లు అడిగిండంట, గంతే. మా వదిన రుక్కమ్మ మానవపాడుల ఒక్కతే ఉంటది. నాకు వచ్చే నెల నలభై."

సుమన స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"పెండ్లి సంబంధాలు వచ్చినయి. వద్దన్న. ఒకామెను తెచ్చి, నాలుగేండ్లకు ఒక్కదాన్ని చేసి పోనీకి పెండ్లెందుకు? గట్లనే ఉంటుంటి. గా మాత్ర సంగతి చూసినంక... పదేండ్లు ఎక్కువ దొరికితే..." ఆగాడు. "ఒకరిని అడుగుదామనుకున్న. నా చేతిల ఏండ్లు లేకుండ ఎట్లడగాలె?"

"ఎవర్ని?"

"రోజూ బస్సుల నిద్రపోతది."

వాన కిటికీ రేకు మీద గట్టిగా కొట్టింది. సుమనకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. కోపానికే ముందు దారి ఇచ్చింది.

"నాయిన నలభై ఆరు, అన్న నలభై నాలుగు. మరి మీరు ఎన్నడన్న రక్తం చూపించుకున్నరా? గుండె చూపించుకున్నరా?"

"లేదు."

"ఎందుకు?"

"ఉందంటే?"

"ఉందంటే మందు తింటరు! ఉన్న రోగానికి పరీక్ష చేయించుకోనీకి భయం, లేని రోగానికి గోళీలు మింగనీకి ధైర్యం. ఏం మనిషి మీరు!"

నర్సు తలుపు తీసి చూసింది. సుమన గొంతు తగ్గించింది. "నన్ను అడిగే సంగతి తరువాత. మొదలు పరీక్ష."

* * *

పరీక్షలు గద్వాలలోనే అయ్యాయి. ఇద్దరికీ సెలవు దొరకలేదు. పొద్దున ఆరున్నరకు, డ్యూటీలకు ముందే, పరగడుపున రక్తం ఇచ్చారు. ఇచ్చింది అతనే. ఆమె పక్కన నిలబడి ఆవలించింది.

రెండు రోజుల తరువాత రిపోర్టు చూసి గుండె డాక్టర్ కళ్లద్దాలు తీశాడు. "కొలెస్ట్రాల్ చాలా ఎక్కువ. ఇది తిండి వల్ల వచ్చింది కాదు. మీ ఇంటి రక్తంలోనే వస్తోంది. మీ నాన్నగారికీ, అన్నకూ ఇదే ఉండి ఉండాలి."

నిరంజన్ ముఖం పాలిపోయింది.

"ఈసీజీ బాగుంది. స్కాన్ బాగుంది. ఆలస్యం కాలేదు. రోజూ ఒక మాత్ర, జీవితాంతం. మూడు నెలలకోసారి రక్తం. నూరేళ్లని నేను రాసివ్వలేను. కానీ మీ అన్న లాగా పోవలసిన పని లేదు."

బయటికి వచ్చాక నిరంజన్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ఇది మా అన్నకు ముందే తెలిసుంటే..."

సుమన పక్కన కూర్చుంది. మొదటిసారి అతని చెయ్యి పట్టుకుంది. ఏడున్నర బస్సు హారన్ వినిపించేదాకా వదల్లేదు.

* * *

తరువాతి ఆదివారం నిరంజన్ అమరచింత వచ్చాడు. సుమన తండ్రి భీమయ్య మంచం మీద కూర్చుని, తీసేసిన కాలి మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు.

"షుగర్ లేకుండనే గోళీలు తిన్నోడివి నువ్వేనా?"

"నేనే పెద్దాయనా."

"నేను షుగరుండి తినకపోతి. బిడ్డ ఇచ్చిన గోళీలన్ని బర్రె కుడితిల వేస్తుంటి."

"అయ్యో! మరి బర్రె?"

"పద్దెనిమిదేండ్లు బతికింది ముండ!"

ఇద్దరూ నవ్వారు. లోపల టీ వడకడుతున్న సుమన చేయి ఆగింది. తండ్రి అలా నవ్వి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు లేదు.

భీమయ్య నవ్వు ఆపుకుని, గొంతు దించాడు. "నా కాలు పోయినప్పటి సంది నా బదులు గూడ మా సుమననే నిలబడుతుంది బిడ్డా. రెండు సంబంధాలు వచ్చినయి. ముసలోణ్ణి యాడనన్న ఇడిసి రమ్మన్నరు. పొమ్మన్నది. నువ్వేమంటవ్?"

"నన్ను గూడ మీ మంచం పక్కన పండనిస్తె చాలు. నా రూమ్ కిరాయి తప్పుతది."

"గురక పెడతవా?"

"తెల్వదు. ఇప్పటిదాక ఎవలు చెప్పలే."

భీమయ్య లోపలికి చూసి అరిచాడు. "సుమనా, చాయ్‌ల చక్కెర వెయ్యి పిల్లగానికి! నాకొద్దు."

* * *

అయినా ఒంటరి వదినను తలచుకున్నప్పుడల్లా నిరంజన్ మనసులో ఒక ముల్లు గుచ్చుకునేది. అది సుమనకు తెలుసు. అందుకే సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం, "మానవపాడు పోదాం పా" అంది.

రుక్కమ్మ మిర్చి నారు నాటి అప్పుడే చేను నుంచి వచ్చింది. నలభై ఐదేళ్ల మనిషి, బురద కాళ్లు, ఎండకు ముదిరిన ముఖం. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుంది. మరిది వెంట వచ్చిన పిల్లను కింది నుంచి మీది దాకా చూసింది.

సుమన చుట్టూ తిప్పి మాట్లాడలేదు. "అక్కా, ఒక మాట అడుగుత. కోపానికి రావద్దు. మీ ఇంటాయన నలభై నాలుగుకే పోతడని ముందే తెలిస్తే మీరు చేసుకుందురా?"

నిరంజన్ తల దించుకున్నాడు. రుక్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు ఆయన మీద కోపముంది చెల్లె. మస్తు కోపముంది. మూడు దినాల సంది ఛాతి పట్టేస్తున్నదని దోస్తులకు చెప్పిండంట, నాకు చెప్పలే. వాళ్లు దవాఖానకు పోదామంటే మిర్చి కోత అయినంక అన్నడంట. ఈ చేన్ల ఒక్కదాన్ని పని చేసినప్పుడల్లా ఆయన్ని తిడుత." "గాని చేసుకున్నందుకు ఒక్కనాడు తిట్టుకోలే. పదహారేండ్లు నాతోని కొట్లాడిండు, నాతోని తిన్నడు, నవ్విచ్చిండు. గవి లేకుండ నేను నూరేండ్లు బతికితే ఏం చేసుకోవాలె?"

తరువాత మరిది వైపు తిరిగింది. "నన్ను చూసి పెండ్లి వద్దన్నవా నిరంజనా? నన్ను చూసి? గా మాట ఇంకోసారి అన్నవంటే చెంప పగులుతది."

నిరంజన్ ఏడ్చాడు. అన్న పోయినప్పుడు బస్సు డ్యూటీలో ఉండి ఏడవలేకపోయిన ఏడుపు. రుక్కమ్మ అతని తల మీద చెయ్యి వేసి, ఏడవనిచ్చింది.

కళ్లు తుడుచుకుని అతను సుమన వైపు చూశాడు.

"ఏండ్లు ఎన్నో తెల్వదు. రక్తం మంచిది కాదు. డబుల్ డ్యూటీలు పడుతయి. చేసుకుంటవా?"

"పరీక్షలు తప్పొద్దు. నొప్పి వస్తే మొదలు నాకే చెప్పాలె. దోస్తులకు కాదు."

"నీకే చెప్త."

"మరి చేసుకుంట."

"మొగుణ్ణి ఒప్పుకున్నట్టు గాదు, రోగిని చేర్చుకున్నట్టుంది" అని రుక్కమ్మ ముక్కు చీది, నవ్వి, గోడకున్న క్యాలెండర్ దించింది. "దినం చూడండ్రి. ఎప్పుడు పెట్టుకుందాం?"

ముగ్గురూ అరుగు మీద క్యాలెండర్ పరుచుకున్నారు. మంచి రోజు ఉన్నప్పుడు సుమనకు సెలవు లేదు. సుమనకు సెలవు ఉన్నప్పుడు నిరంజన్‌కు స్పెషల్ బస్సు డ్యూటీ. ఇద్దరికీ కుదిరినప్పుడు మూఢం. అక్టోబర్ తిప్పారు. నవంబర్ తిప్పారు. సుమన ఆవలించింది, అది చూసి నిరంజన్ ఆవలించాడు, వాళ్లిద్దరినీ చూసి రుక్కమ్మకూ ఆవలింత వచ్చింది.

చివరికి కార్తీకంలో ఒక గురువారం దొరికింది. రుక్కమ్మ కుంకుమ భరిణె తెచ్చి, ఆ అంకె మీద వేలితో బొట్టు పెట్టింది. వేలికి మిగిలిన కుంకుమను సుమన నుదుటికి అద్దింది.

"తెల్లారి శుక్రవారం?" అడిగింది సుమన.

"నాకు ఐదింటికి డ్యూటీ."

"నాకు తొమ్మిదికి. పొద్దున నిన్ను నేను లేపుత, మూడుసార్లు అరిచి."